మందు మార్చాలా వద్దా: సికిల్ సెల్ చరిత్రలో మన వంతు

మా అన్న కూతురికి సికిల్ సెల్ జబ్బు ఉంది. 2024 జనవరిలో, సంక్రాంతి వెళ్ళిన వారానికి, ఆస్పత్రిలో డాక్టరమ్మ మా అన్ననూ వదిననూ కూర్చోబెట్టి ఒక మాట చెప్పారు. "ఇన్నాళ్ళూ ఫోలిక్ యాసిడ్ బిళ్ళలు, నొప్పి వచ్చినప్పుడు నొప్పి బిళ్ళలు, రక్తం పడిపోయినప్పుడు రక్తం ఎక్కించడం, ఇట్లా నెట్టుకొచ్చాం. ఏడాదిలో నాలుగుసార్లు అడ్మిట్ అయింది. ఇక హైడ్రాక్సీయూరియాకు మారితే మంచిది. మీరు ఇంట్లో మాట్లాడుకొని రండి."

మేము భద్రాచలం ఏజెన్సీ కోయలం. ఆస్పత్రిలో మమ్మల్ని "మాట్లాడుకొని రండి" అనడం మాకు కొత్త. అప్పటిదాకా చీటీ రాసిస్తే తెచ్చుకున్నాం, సూది వేస్తే వేయించుకున్నాం. ఈసారి నిర్ణయం మా చేతికి వచ్చింది. ఆ నిర్ణయానికి మాకు పదిహేను రోజులు పట్టింది. ఆ పదిహేను రోజుల్లో మేము అడిగిన ప్రశ్నలకు జవాబులు వెతుక్కుంటూ పోతే, అది వందేళ్ళ పైబడిన చరిత్రగా తేలింది. ఆ చరిత్రలో మన ఆదివాసుల రక్తం ఉంది. మన మాట మాత్రం చాలా ఆలస్యంగా చేరింది. ఇదే జబ్బుతో ఇదే ప్రశ్న ఎదుర్కొంటున్న ఇళ్ళు మన గూడేల్లో ఇంకా ఎన్నో ఉన్నాయి కాబట్టి రాస్తున్నాం.

జబ్బుకు పేరు రాకముందు

మా పిల్లకు ఏడెనిమిది నెలల వయసులో చేతి వేళ్ళు, కాలి వేళ్ళు వాచాయి. "గాలి సోకింది" అన్నారు, పసరు కట్టారు. నాలుగేళ్ళప్పుడు కళ్ళు పచ్చబడ్డాయి. పసిరికలని తలమీద మందు పెట్టించారు. కడుపు ఎడమవైపు గట్టిగా తగిలితే "బల్ల పెరిగింది" అన్నారు. ఆరేళ్ళకు కాళ్ళ నొప్పులతో రాత్రంతా ఏడ్చేది. ఒక ఆస్పత్రిలో కీళ్ళవాతం అని రెండేళ్ళు మందులు వాడించారు. ఎవరూ రక్తం పరీక్ష చేయించలేదు. ఈ లక్షణాలన్నీ ఒకే జబ్బువని, పేరు సికిల్ సెల్ అని, 2023 వానాకాలంలో ఆశ్రమ పాఠశాలకు వచ్చిన పరీక్షల బృందం వల్ల తెలిసింది. అప్పటికి ఆమెకు పదమూడేళ్ళు.

మనకు ఇంత ఆలస్యంగా తెలిసిన ఈ జబ్బు గురించి వైద్యుల పత్రికలో మొదట రాసింది 1910లో. వెస్టిండీస్‌లోని గ్రెనడా దీవి నుంచి దంతవైద్యం చదవడానికి షికాగో వచ్చిన వాల్టర్ క్లెమెంట్ నోయెల్ అనే నల్లజాతి విద్యార్థి 1904 చివర్లో ఆస్పత్రిలో చేరాడు. అతని రక్తాన్ని సూక్ష్మదర్శినిలో చూసిన ఎర్నెస్ట్ ఐరన్స్ అనే యువ వైద్యుడికి కొడవలిలా వంగిన ఎర్రకణాలు కనిపించాయి. ఐరన్స్ పైడాక్టరు జేమ్స్ హెరిక్ ఆ సంగతిని 1910లో ప్రచురించాడు. పేరు హెరిక్‌కు వచ్చింది. నోయెల్ చదువు ముగించుకొని గ్రెనడా వెళ్ళి పళ్ళ వైద్యం చేసుకుంటూ 1916లో న్యుమోనియాతో చనిపోయాడు. ఎవరి రక్తం వల్ల జబ్బు లోకానికి తెలిసిందో అతనికి ఆ జ్ఞానం వల్ల ఒరిగింది ఏమీ లేదు. ఈ జబ్బు చరిత్రలో ఇది మొదటి అన్యాయం. ఇదే మళ్ళీ మళ్ళీ జరిగింది.

1949లో లైనస్ పాలింగ్, ఆయన తోటివారు ఈ జబ్బు రక్తంలోని హిమోగ్లోబిన్‌లోనే ఉందని చూపించారు. అదే ఏడాది జేమ్స్ నీల్ ఇది తల్లిదండ్రులిద్దరి నుంచీ వస్తేనే జబ్బు అవుతుందని, ఒకరి నుంచే వస్తే మోసుకునేవాళ్ళు మాత్రమే అవుతారని తేల్చాడు. 1956లో వెర్నన్ ఇన్‌గ్రామ్ ఆ హిమోగ్లోబిన్‌లో ఒకే ఒక్క చిన్న ముక్క మారిందని కనిపెట్టాడు. ఆ ఒక్క మార్పు వల్ల ప్రాణవాయువు తగ్గినప్పుడు ఎర్రకణం బిగుసుకుపోయి కొడవలిలా వంగుతుంది. సన్నటి నాళాల్లో ఇరుక్కుంటుంది, అక్కడ నొప్పి పుడుతుంది. మామూలు ఎర్రకణం 120 రోజులు బతికితే ఇది పది ఇరవై రోజులకే పగిలిపోతుంది. అందుకే రక్తం తగ్గుతుంది, కళ్ళు పచ్చబడతాయి, ప్లీహం దెబ్బతింటుంది.

ఇది మా వదినకు చెప్పినప్పుడు ఆమె అన్న మాట ఇది: "అయితే నేను ఏదో దిష్టి తీయించక, ఏదో మొక్కు మరిచి వచ్చింది కాదన్న మాట." పదమూడేళ్ళు ఆమె ఆ నింద మోసింది. తల్లీ తండ్రీ ఇద్దరూ వాహకులైతే ప్రతి కాన్పుకూ నాలుగింట ఒక వంతు జబ్బు వచ్చే అవకాశం, రెండు వంతులు వాహకులయ్యే అవకాశం, ఒక వంతు ఏమీ లేకుండా పుట్టే అవకాశం. ఇందులో తల్లి తప్పు లేదు, తండ్రి తప్పు లేదు.

మన రక్తం లెక్కల్లోకి వచ్చిన తీరు

మనల్ని కొలవడం మందు కన్నా ముందే మొదలైంది. మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణాది కులాలు, తెగల మీద 1909లో ఏడు సంపుటాలు వేశాడు. అందుకోసం మనుషుల ముక్కులు, తలలు కొలిచాడు. ఆ తర్వాతి తరం పరిశోధకులు రక్తం తీశారు. 1952లో లేమన్, కట్‌బుష్ అనే ఇద్దరు నీలగిరి కొండల్లోని ఆదివాసుల రక్తంలో సికిల్ లక్షణం ఉందని ప్రకటించారు. అదే ఏడాది అస్సాం తేయాకు తోటల కూలీల్లోనూ ఇది బయటపడింది. ఆ కూలీలు ఎవరు? మధ్య భారతం నుంచి, ఒడిశా వైపు నుంచి తోటలకు తరలిపోయిన కుటుంబాలవాళ్ళు. వాళ్ళ ఊళ్ళు పోయినా వాళ్ళ రక్తంలో ఊరి గుర్తు ఉండిపోయింది. తర్వాతి దశాబ్దాల్లో మహారాష్ట్ర, మధ్యప్రదేశ్, ఒడిశా, గుజరాత్, కేరళ వయనాడ్, మన ఆదిలాబాద్, భద్రాచలం, విశాఖ మన్యం, ఇట్లా అడవులున్న చోటల్లా ఈ జబ్బు కనబడింది.

అడవుల్లోనే ఎందుకు? దీనికి జవాబు 1954లో ఆంథొనీ ఆలిసన్ తూర్పు ఆఫ్రికాలో చేసిన పనిలో దొరికింది. సికిల్ లక్షణాన్ని ఒకవైపు నుంచి మాత్రమే పొందిన పిల్లలకు ప్రాణాంతక మలేరియా నుంచి రక్షణ ఉంటుంది. తరతరాలుగా చలిజ్వరం ఉన్న చోట ఆ పిల్లలు ఎక్కువ మంది బతికి బట్టకట్టారు. మైదానంవాళ్ళు మన్యం జ్వరమని భయపడి రాని అడవిలో మన పూర్వీకులు బతకడానికి తోడ్పడిన వాటిలో ఈ రక్తం కూడా ఒకటి. "చుట్టరికంలో పెళ్ళిళ్ళు చేసుకోవడం వల్లే మీకీ జబ్బు" అని మనల్ని తక్కువగా మాట్లాడేవాళ్ళకు ఇది చెప్పాలి. దగ్గరి సంబంధాల్లో ఇద్దరు వాహకులు కలిసే అవకాశం పెరుగుతుంది, అది నిజం. కానీ ఆ లక్షణం అడవిలో నిలబడింది మలేరియా వల్ల.

పరిశోధనలు జరిగాయి, వ్యాసాలు అచ్చయ్యాయి. రక్తం ఇచ్చిన గూడేనికి ఫలితం చెప్పడానికి తిరిగి వచ్చినవాళ్ళు తక్కువ. మా నాయనమ్మకు గుర్తు: ఆమె పెళ్ళయిన కొత్తలో ఎవరో జీపులో వచ్చి వేలు గుచ్చి, గాజు పలకల మీద రక్తం తీసుకొని, పిల్లలకు బిస్కెట్లు ఇచ్చి వెళ్ళారట. అది మలేరియా కోసమో, దీనికోసమో ఆమెకు తెలియదు. ఎవరూ చెప్పలేదు.

పేరు తెలిసి మందు లేకపోతే ఏమవుతుందో అమెరికా నల్లజాతి ప్రజల అనుభవం చెబుతుంది. 1972లో అక్కడ సికిల్ సెల్ నియంత్రణకు చట్టం చేశారు, పరీక్షలు పెద్ద ఎత్తున జరిగాయి. జబ్బు లేని వాహకులను కూడా ఉద్యోగాల్లో, బీమాలో పక్కన పెట్టారు. వైమానిక దళ అకాడమీ వాహకులకు పెట్టిన నిషేధాన్ని 1981లో గాని ఎత్తివేయలేదు. మన దగ్గర కార్డు చూసి సంబంధం వెనక్కి తీసుకున్న ఇళ్ళు ఉన్నాయని వింటున్నప్పుడు ఆ సంగతే గుర్తొస్తుంది.

ఒక పాత మందు కొత్త పని

ఇక మా ఇంటి ప్రశ్నకు వద్దాం. హైడ్రాక్సీయూరియా అంటే ఏమిటి?

పేరు వినగానే మా నాయనమ్మ, "యూరియా అంటే చేలో చల్లేది కదా, పిల్లకు పెడతారా?" అంది. నవ్వాం గాని ఆ ప్రశ్న చిన్నది కాదు. మందుల షాపులో అడిగితే అతను "ఇది క్యాన్సర్ మందు" అన్నాడు. ఆ మాటతో మా వదిన రెండు రోజులు అన్నం తినలేదు. పిల్లకు క్యాన్సర్ కూడా ఉందేమో, మా దగ్గర దాస్తున్నారేమో అని ఆమె భయం.

ఆ రసాయనాన్ని 1869లో జర్మనీలో తయారు చేశారు. దాదాపు వందేళ్ళు దానికి పెద్ద పని లేదు. 1960ల్లో కొన్ని రకాల రక్త క్యాన్సర్లకు వాడటం మొదలుపెట్టారు. ఎముకల లోపలి మూలుగలో కణాలు వేగంగా పుట్టడాన్ని ఇది నెమ్మదింపజేస్తుంది. షాపతను చెప్పింది అబద్ధం కాదు, సగం నిజం.

మిగతా సగం వేరే దారిలో వచ్చింది. 1948లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో జానెట్ వాట్సన్ అనే పిల్లల వైద్యురాలు ఒక సంగతి గమనించింది. సికిల్ జబ్బుతో పుట్టిన పిల్లలు మొదటి కొన్ని నెలలు బాగానే ఉంటారు. తల్లి కడుపులో ఉన్నప్పటి హిమోగ్లోబిన్ ఇంకా వాళ్ళ రక్తంలో ఉండటమే కారణం అని ఆమె చెప్పింది. ఆ పిండ హిమోగ్లోబిన్ ఎర్రకణాన్ని కొడవలిగా వంగనీయదు. అది తగ్గుతూ పోయిన కొద్దీ జబ్బు బయటపడుతుంది. మా పిల్లకు వేళ్ళు వాచింది సరిగ్గా ఆ వయసులోనే. అయితే పెద్దవాళ్ళలో ఆ హిమోగ్లోబిన్‌ను మళ్ళీ పెంచగలిగితే? ఆ వెతుకులాటలో 1984లో హైడ్రాక్సీయూరియా ఆ పని చేస్తుందని ఓరా ప్లాట్ బృందం చూపించింది.

1995లో పెద్ద పరీక్ష ఫలితం వచ్చింది. అమెరికా, కెనడాల్లో 299 మంది పెద్దవాళ్ళను రెండు భాగాలు చేసి, ఒక భాగానికి ఈ మందు, రెండో భాగానికి మందులేని బిళ్ళ ఇచ్చి చూశారు. మందు తీసుకున్నవాళ్ళలో తీవ్రమైన నొప్పి దాడులు దాదాపు సగానికి తగ్గాయి, రక్తం ఎక్కించాల్సిన అవసరమూ తగ్గింది. తేడా ఎంత స్పష్టంగా ఉందంటే పరీక్షను అనుకున్న గడువు కన్నా ముందే ఆపేశారు. 1998లో అక్కడి ప్రభుత్వం పెద్దవాళ్ళకు అనుమతి ఇచ్చింది. తొమ్మిదేళ్ళు అదే మనుషులను గమనించి, మందు వాడినవాళ్ళలో మరణాలు తగ్గాయని 2003లో చెప్పారు.

మరి 1998లో అనుమతి వచ్చిన మందు మా గూడెం దాకా రావడానికి ఇరవై అయిదేళ్ళు ఎందుకు పట్టింది? ఒక కారణం దూరం, పేదరికం. ఇంకో కారణం ఒక అభిప్రాయం. 1986లో ఒడిశా రోగుల మీద వచ్చిన అధ్యయనం వాళ్ళలో పిండ హిమోగ్లోబిన్ సహజంగానే ఎక్కువని, ఆఫ్రికా మూలాలున్న జమైకా రోగుల కన్నా జబ్బు కొంత నెమ్మదిగా ఉందని చూపింది. ఆ పరిశీలన తప్పు కాదు. కానీ దాని నుంచి "భారతదేశంలో ఈ జబ్బు తేలిక" అనే మాట పాకింది. తర్వాత నాగ్‌పూర్ వంటి చోట్ల పిల్లల వైద్యులు చూస్తే నొప్పులతో, రక్తహీనతతో, ఇన్‌ఫెక్షన్లతో మళ్ళీ మళ్ళీ ఆస్పత్రికి వస్తున్న పిల్లలు కనిపించారు. తేలిక అన్న మాట నొప్పి పడని చోట పుట్టింది. నాగ్‌పూర్‌లో, ఒడిశా బుర్లాలో వైద్యులు తక్కువ మోతాదులో ఈ మందు ఇచ్చి మన దేశపు రోగులకు అది పనిచేస్తుందని చూపించారు. తక్కువ మోతాదు అంటే ఖర్చు తక్కువ, దుష్ఫలితాల భయం తక్కువ.

మాకు ఇంకో అనుమానం ఉండింది. తెల్లకణాలను తగ్గించే మందు అంటున్నారు, మనది జ్వరాల అడవి, మలేరియా వస్తే పిల్ల తట్టుకుంటుందా? ఇదే అనుమానం ఆఫ్రికాలోనూ ఉండేది. అంగోలా, కాంగో, కెన్యా, ఉగాండా దేశాల్లో ఆరు వందల మందికి పైగా పిల్లలకు ఇచ్చి చూసిన ఫలితాలు 2019లో అచ్చయ్యాయి. నొప్పులు, రక్తం ఎక్కించడం, మరణాలు తగ్గాయి. మలేరియా కూడా పెరగలేదు, తగ్గింది. మలేరియా ఉన్న నేలమీద, మనలాంటి ఊళ్ళ పిల్లల మీద తేలిన ఈ మాట మాకు అమెరికా పరీక్ష కన్నా ఎక్కువ ధైర్యం ఇచ్చింది.

ఇంట్లో వేసుకున్న లెక్క

చరిత్ర తెలిసినంత మాత్రాన నిర్ణయం సులువు కాలేదు. ఒక సాయంత్రం వాకిట్లో కూర్చొని పాత పద్ధతినీ కొత్త పద్ధతినీ పక్కపక్కన పెట్టుకున్నాం.

పాత పద్ధతిలో నొప్పి వచ్చేదాకా ఏమీ లేదు. వచ్చాక పరుగు. రాత్రి ఆటో, ఆస్పత్రి, రక్తం ఇచ్చే మనిషి కోసం వెతుకులాట. ఏడాదిలో మా అన్న పోగొట్టుకున్న కూలి రోజులు నలభై దాటాయి. తునికాకు కాలంలో పిల్ల తల్లితో పాటు ఎండలో తిరిగితే నొప్పి, చలికాలంలో వాగులో చన్నీళ్ళు పోసుకుంటే నొప్పి. ఎక్కించిన ప్రతి రక్తంతో ఒంట్లో ఇనుము చేరుతుంది, అది గుండెనూ కాలేయాన్నీ పాడు చేస్తుంది. కొందరికి ముందు ముందు రక్తం సరిపడకుండా పోతుంది. అప్పటికప్పుడు ప్రాణం నిలిపేది ఇదే, కాదనలేం. కానీ ఎంత ఎక్కించినా తర్వాతి దాడి ఆగలేదు.

కొత్త పద్ధతిలో రోజూ బిళ్ళ. నొప్పి ఉన్నా లేకపోయినా మింగాలి. ఫలితం వెంటనే కనబడదు, మూడు నుంచి ఆరు నెలలు ఓపిక పట్టాలి. మొదట్లో రెండు నుంచి నాలుగు వారాలకొకసారి, తర్వాత రెండు మూడు నెలలకొకసారి రక్త పరీక్ష తప్పదు. తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు మరీ తగ్గితే మందు కొన్నాళ్ళు ఆపి మళ్ళీ మొదలుపెట్టాలి. జ్వరం వస్తే ఇంట్లో ఆగకుండా ఆస్పత్రికి పోవాలి. గోళ్ళు, చర్మం నల్లబడవచ్చు. పెళ్ళయి గర్భం కోరుకున్నప్పుడు ముందే డాక్టరుతో మాట్లాడి ఆపాలి. మగవాళ్ళకైతే వీర్యకణాలు తగ్గవచ్చని కూడా చెప్పారు.

మా అన్న అడిగింది ఒకటే. "బిళ్ళ సర్కారు ఇస్తుంది. పరీక్షకు ప్రతిసారీ డెబ్బై కిలోమీటర్లు ఎవరు తీసుకుపోతారు? మధ్యలో మందు అయిపోతే?" ఇది అసలు ప్రశ్న. మందు మార్చడమంటే చీటీ మీద పేరు మారడం కాదు. బస్సు మారాలి, పరీక్ష జరిగే చోటు మారాలి, మందు నిల్వ ఉండే చోటు మారాలి. ఇవి మారకుండా మందు ఒక్కటి మారితే, రెండు నెలలు మింగి నాలుగు నెలలు మానేసి, "ఆ మందు పనిచేయదు" అని చెప్పుకునే ఇంకో ఇల్లు అవుతాం.

నాయనమ్మ చివర్న అంది: "మాట్లాడేది మీరందరూ. నొప్పి పడేది అది. దాన్ని అడిగారా?"

అడగలేదు. అడిగాం. పిల్ల కాసేపు ఆలోచించి చెప్పింది: "పదో తరగతి పరీక్షల్లో నొప్పి రాకుండా ఉంటే చాలు. గోళ్ళు నల్లబడితే పడనీ." తర్వాత మళ్ళీ అంది, "ఫ్రెండ్స్‌కు మాత్రం క్యాన్సర్ మందు అని చెప్పొద్దు."

మేము మూడు మాటలు రాసుకొని డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. రక్తం మా పీహెచ్‌సీలోనే తీసి పంపే ఏర్పాటు కావాలి. ఒకేసారి రెండు నెలల బిళ్ళలు కావాలి. ఎప్పుడు ఆపాలో, ఎప్పుడు పరుగెత్తి రావాలో తెలుగులో రాసి ఇవ్వాలి. ఆమె చదివి, మూడోది తన చేత్తోనే రాసి ఇచ్చారు. మొదటి రెండింటికి తిరగాల్సి వచ్చింది. ఏఎన్ఎం అక్క సాయం పట్టింది. ఫోలిక్ యాసిడ్ మానేయొద్దని, టీకాలు పూర్తి చేయించాలని, నీళ్ళు బాగా తాగించాలని డాక్టరమ్మ చెప్పారు. కొత్తది వచ్చిందని పాతవన్నీ వదిలేయడం మందు మార్చడం కాదని అప్పుడు అర్థమైంది. ఫిబ్రవరిలో మొదలుపెట్టాం.

ఇంకా కొత్త మందు మాట

నాలుగు నెలలు గడిచాక హైదరాబాద్‌లో చదువుకుంటున్న మా బాబాయి కొడుకు ఫోన్ చేశాడు. "అమెరికాలో ఇంకా కొత్త బిళ్ళ వచ్చింది. ఈ పాత క్యాన్సర్ మందు ఎందుకు? అది తెప్పించలేమా?" అన్నాడు. అతను చెప్పింది వోక్సెలోటార్ గురించి. 2019 నవంబర్‌లో అమెరికాలో దానికి త్వరిత అనుమతి ఇచ్చారు. ఆ మందు హిమోగ్లోబిన్ అంకెను పెంచుతుంది, నిజమే. అంకె పెరిగితే నొప్పి, ప్రమాదం కూడా తగ్గుతాయన్న ఆశతో అనుమతి దొరికింది. ఆ కంపెనీని 2022లో ఫైజర్ కొన్నది. మాకు మళ్ళీ ఆశ పుట్టింది, మళ్ళీ ఇంట్లో మాటలు మొదలయ్యాయి. డాక్టరమ్మ మాత్రం "మీ పిల్లకు ఇప్పుడున్నది పనిచేస్తోంది. పనిచేస్తున్నదాన్ని ఎందుకు మారుస్తారు? ఆగి చూద్దాం" అన్నారు.

2024 సెప్టెంబర్‌లో ఫైజర్ ఆ మందును ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. పరీక్షల్లో నొప్పి దాడులు, మరణాలు మందు తీసుకున్నవాళ్ళలో ఎక్కువ కనిపించడమే కారణం. అదే 2019లో అనుమతి పొందిన ఇంకో మందు క్రిజన్‌లిజుమాబ్‌కు యూరప్‌లో అనుమతి 2023లో రద్దయింది. తర్వాతి పెద్ద పరీక్షలో మేలు కనబడకపోవడం వల్ల. కొత్త మందులన్నీ చెడ్డవని దీని అర్థం కాదు. పరిశోధన ఆగకూడదు. 2023 చివర్లో బ్రిటన్, అమెరికాలు జన్యువును సరిచేసే చికిత్సకు అనుమతి ఇచ్చాయి. చాలామంది రోగులకు ఏడాదికి పైగా నొప్పి దాడులు రాలేదు. దాని వెల అమెరికాలో 22 లక్షల డాలర్లు, మన రూపాయల్లో సుమారు 18 కోట్లు. మా మండలంలోని సికిల్ పిల్లలందరికీ ఏళ్ళ తరబడి బిళ్ళలు, పరీక్షలు జరిపించినా అంత కాదేమో.

దీన్నుంచి మేము నేర్చుకున్నది ఒకటి. మందు వయసు ఎంత అని కాదు, ఎవరి మీద, ఎంతకాలం, దేన్ని కొలిచి పరీక్షించారు అని అడగాలి. నొప్పిని కొలిచారా, అంకెను కొలిచారా? పెద్దవాళ్ళ మీదా, పిల్లల మీదా? మలేరియా ఉన్న ఊళ్ళో చూశారా? ఈ ప్రశ్నలు అడగడానికి పెద్ద చదువు అక్కర్లేదు. అడగనివ్వాలి, అంతే.

మనం అడగాల్సినవి

2016 వికలాంగుల హక్కుల చట్టంలో సికిల్ సెల్ జబ్బును చేర్చారు. 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో ప్రధానమంత్రి జాతీయ సికిల్ సెల్ రక్తహీనత నిర్మూలన కార్యక్రమాన్ని ప్రారంభించారు. 2047 నాటికి నిర్మూలన లక్ష్యం. నలభై ఏళ్ళలోపు ఏడు కోట్ల మందికి పరీక్షలు చేయాలన్నారు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లు రెండూ ఇందులో ఉన్నాయి. ఈ పరీక్షల వల్లే మా పిల్ల జబ్బు తెలిసింది. అది మరిచిపోం. కానీ 1952 నుంచి మన రక్తం లెక్కకే వెళుతోంది. పరీక్షించిన ప్రతి మనిషి చేతికీ కార్డు వచ్చినట్టే, జబ్బు ఉన్న ప్రతి మనిషికీ ప్రతి నెలా మందు, దగ్గరలో రక్త పరీక్ష రావాలి. చిన్న పిల్లలకు క్యాప్సూల్ తెరిచి పొడి పంచే పని తల్లుల మీద పడకుండా ద్రవ మందు రావాలి. వాహకుడని తెలిసిన పిల్లవాడికి "నీకు జబ్బు లేదు" అని కూర్చోబెట్టి చెప్పే మనిషి, వీలైతే మన భాషలో చెప్పే మనిషి రావాలి.

మా పిల్ల విషయం చెప్పి ముగిస్తాం. మొదటి మూడు నెలలు తేడా తెలియలేదు. ఒకసారి తెల్లకణాలు తగ్గాయని రెండు వారాలు మందు ఆపారు. వదిన "అప్పుడే అన్నాను" అంది. మళ్ళీ మొదలుపెట్టారు. ఒకసారి పీహెచ్‌సీలో నిల్వ లేక తొమ్మిది రోజులు బిళ్ళ లేదు. ఆ ఏడాది మొత్తంలో ఒక్కసారే ఆస్పత్రిలో చేరింది, రక్తం ఎక్కించలేదు. 2025 మార్చిలో పదో తరగతి పరీక్షలు అన్నీ రాసింది. గోళ్ళ మీద నల్లటి గీతలు వచ్చాయి. స్నేహితురాళ్ళు అడిగితే గోరింటాకు సరిగ్గా పండలేదని చెప్పిందట.

ఈ మందు అందరికీ ఇట్లాగే పనిచేస్తుందని మేము చెప్పడం లేదు. మీ ఇంటి నిర్ణయం మీ డాక్టరుతో కూర్చొని మీరు తీసుకోవాల్సిందే. మా ఇంట్లో గోడకు ఒక నోటు పుస్తకం వేలాడుతుంటుంది. బిళ్ళ వేసుకున్న రోజు గీత, నొప్పి వచ్చిన రోజు సున్నా, రక్త పరీక్ష అంకెలు, జ్వరం తారీకులు. అందులో రాసేది పిల్లే. మన రక్తం గురించి ఇంతకాలం బయటివాళ్ళు రాశారు. ఇప్పుడు మా ఇంట్లో ఆ లెక్క మా పిల్ల చేతిలో ఉంది. మందు మార్చాలా వద్దా అన్న ప్రశ్న మళ్ళీ వస్తే, ముందు ఆ పుస్తకం తెరుస్తాం.